పెద్ద బోర్డులకు తక్కువ ఖర్చులో ఏది మేలు: పెద్ద నాజిల్ ఎయిర్‌బ్రషా, మినీ స్ప్రే గనా?

నీలిపూత:
8×4 అడుగుల ప్లైవుడ్ బోర్డులు నాలుగు, నాటకానికి వెనక నిలబెట్టేవి. తెల్ల ప్రైమర్ మీద ఆకాశం రావాలి. పైన ముదురు నీలం, కిందికి వచ్చేకొద్దీ పలచబడి లేత పసుపులో కలిసిపోవాలి. ఆ పైన మబ్బులు. రంగులన్నీ నీళ్లలో కలిసే యాక్రిలిక్‌లే.

ప్రస్తుతం ఉన్నది 0.3 మి.మీ. నాజిల్ డ్యుయల్ యాక్షన్ ఎయిర్‌బ్రష్ (ట్రిగ్గర్ నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు), పైన 7 మి.లీ. కప్పు. కంప్రెసర్ చిన్న పిస్టన్‌ది, 3 లీటర్ల ట్యాంకు, లేబుల్ మీద నిమిషానికి 23 లీటర్లు అని ఉంది. ఈ సరంజామాతో ఇంత పెద్ద పని అవ్వదని అర్థమవుతూనే ఉంది. ఎక్కువ ఖర్చు పెట్టకుండా ఏం కొనాలి? 0.5 లేదా 0.8 నాజిల్ ఎయిర్‌బ్రష్ చాలా? మినీ హెచ్‌వీఎల్‌పీ గన్ (ఎక్కువ గాలి, తక్కువ ఒత్తిడితో రంగు చల్లేది) ఈ కంప్రెసర్‌కే తగిలించొచ్చా?

గాలిలెక్క:
గన్ సంగతి తర్వాత. ముందు రంగు ఎంత పడుతుందో, దానికి గాలి ఎంత కావాలో చూసుకోండి. ఏది కొనాలో ఆ రెండు లెక్కలే చెప్పేస్తాయి.

8×4 బోర్డు అంటే దాదాపు 3 చదరపు మీటర్లు. తడి పూత 60 మైక్రాన్ల మందాన పడాలంటే బోర్డు మీద నిలిచే రంగే 180 మి.లీ. దగ్గర ఉంటుంది. స్ప్రేలో కొంత గాలిలో కలిసిపోతుంది. మంచి హెచ్‌వీఎల్‌పీలో కూడా మూడో వంతు పోయినట్టే లెక్కేసుకోవాలి. అంటే పూతకు, బోర్డుకు 270–280 మి.లీ. మీ 7 మి.లీ. కప్పుతో ఒక బోర్డుకు ఒక పూత వేయడానికి నలభై సార్లు నింపాలి. బోర్డులు నాలుగు, పూతలు రెండు మూడు. 0.3తో కుదరదనడానికి ఈ ఒక్క లెక్క చాలు. సన్నటి కోన్‌తో అంత వెడల్పు నింపితే చారలు కనపడటం అదనపు తలనొప్పి.

ఇక గాలి. 0.8 నుంచి 1.0 మి.మీ. నాజిల్ ఉన్న మినీ హెచ్‌వీఎల్‌పీ గన్ రకాన్ని బట్టి నిమిషానికి 80–140 లీటర్లు తాగుతుంది. ఒక సీఎఫ్ఎం (నిమిషానికి ఒక ఘనపు అడుగు) అంటే 28.3 లీటర్లు, కాబట్టి డబ్బా మీద 3–5 సీఎఫ్ఎం అని ఉంటే అదీ ఇదీ ఒకటే. మీ ట్యాంకు 3 లీటర్లది. లోపలి ఒత్తిడి 4 బార్ నుంచి 2 బార్‌కు పడేలోపు అది ఇచ్చే గాలి 3×2, అంటే 6 లీటర్లు. గన్ 100 తాగుతుంటే కంప్రెసర్ 20 ఇస్తే, నిమిషానికి 80 లీటర్ల లోటు. ఆరు లీటర్లు అయిదు సెకన్లు కూడా ఆగవు. ఆ తర్వాత గన్ నుంచి తుంపర కాదు, చుక్కలు వస్తాయి. తగిలించడానికైతే తగిలించొచ్చు, పని మాత్రం జరగదు.

24 లీటర్ల ట్యాంకు ఉన్న ఒకటిన్నర హెచ్‌పీ మామూలు వర్క్‌షాప్ కంప్రెసర్‌తో అదే లెక్క వేయండి. 8 బార్ నుంచి 2.5 బార్ వరకు 24×5.5, అంటే 132 లీటర్లు నిల్వ. గన్ 120 తాగుతూ కంప్రెసర్ 90 ఇస్తుంటే లోటు 30. నాలుగు నిమిషాలకు పైగా ఆపకుండా కొట్టొచ్చు. నిజానికి ప్రతి గీత చివర ట్రిగ్గర్ వదులుతాం కాబట్టి ఇంకా సులువు.

లేబుల్ దగ్గర ఒక జాగ్రత్త. చాలా వాటి మీద రాసేది పిస్టన్ లోపలికి పీల్చే గాలి. బయటికి వచ్చేది అందులో 60–70 శాతమే. 'ఫ్రీ ఎయిర్ డెలివరీ' అని విడిగా రాసి ఉంటే ఆ అంకె నమ్మండి. లేకపోతే మూడో వంతు కోసేయండి.

సన్నసూది:
గాలిలెక్క గారి లెక్క సరైనదే కానీ, అందరికీ పెద్ద కంప్రెసర్ కొనే వీలుండదు. ఉన్న కంప్రెసర్‌తోనే నెట్టుకురావాలంటే 0.5 మి.మీ. ట్రిగ్గర్ రకం ఎయిర్‌బ్రష్ ఒక దారి. పిస్తోలు పిడిలా పట్టుకునేది, వేలు అంతసేపు నొక్కినా నొప్పి పుట్టదు. దానికి ఫ్యాన్ క్యాప్ ఉంటే గుండ్రటి కోన్ బదులు చదునైన పట్టీ పడుతుంది. ఇవాటా టీఆర్2 ఈ తరహాదే, నాజిల్ 0.5. అదే ఆకారంలో చవక రకాలు చాలా దొరుకుతాయి. గాలి అవసరం మీ కంప్రెసర్ ఇచ్చేదానికి దగ్గరగానే ఉంటుంది, కాకపోతే మోటారుకు ఊపిరాడదు. చిన్న ఆయిల్‌లెస్ పిస్టన్‌లు చాలావరకు సగం సమయం నడిచి సగం ఆగేలా తయారైనవి. పది నిమిషాలు నడిస్తే పది నిమిషాలు ఆపండి. లేకపోతే హెడ్ వేడెక్కి, ఆ వేడి గాలి గొట్టంలో చల్లారి, నీళ్లు రంగులోకి వస్తాయి.

ఇంకో దారి, పాత కాలపు సింగిల్ యాక్షన్ (ట్రిగ్గర్ గాలిని మాత్రమే తెరుస్తుంది), ఎక్స్‌టర్నల్ మిక్స్ ఎయిర్‌బ్రష్. పాషే హెచ్ దీనికి మంచి ఉదాహరణ. 0.45, 0.65, 1.05 మి.మీ. హెడ్‌లు మూడు మార్చుకోవచ్చు. కింద సీసా తగిలిస్తారు కాబట్టి మాటిమాటికీ నింపే బాధ తక్కువ. రంగు, గాలి బయట కలుస్తాయి, అందుకే తుంపర కాస్త గరుకుగా ఉంటుంది. ఆకాశానికి, దూరం నుంచి చూసే బోర్డుకు ఆ గరుకు కనపడదు. కడగడం ఒక నిమిషం పని. పెద్ద హెడ్‌కు గాలి కూడా ఎక్కువే కావాలి, సీసాలోంచి రంగు పైకి లాగాలి కాబట్టి ప్రెషర్ కూడా పెంచాలి. మీ కంప్రెసర్‌తో 0.65 హెడ్ వరకే ఆశ పెట్టుకోండి.

సూటిగా చెప్పాలంటే ఈ రెండూ మబ్బులకు, అంచులకు బాగుంటాయి. నాలుగు బోర్డుల నీలం మొత్తం వీటితో నింపడం ఓపిక పని.

రోలర్‌పక్షం:
ప్రైమర్‌ని ఎందుకు స్ప్రే చేస్తున్నారు? ప్లైవుడ్‌కు తెల్ల ప్రైమర్ స్పాంజ్ రోలర్‌తో వేయండి. రెండు పూతలు, మధ్యలో 220 నంబరు గరుకు కాగితంతో ఒక రుద్దు. ప్రైమర్‌లో ఉండే పొడి బరువైనది, 0.8 నాజిల్‌లో నిత్యం అడ్డుపడుతుంది. ఆకాశం అడుగు రంగు, అంటే మధ్యస్థంగా ఉండే లేత నీలం, అది కూడా రోలర్‌తోనే. స్ప్రేకు మిగిలేది రంగులు ఒకదానిలో ఒకటి కలిసే భాగం మాత్రమే. అప్పుడు పని మూడో వంతుకు దిగుతుంది, చిన్న సామాను కూడా సరిపోవచ్చు.

తుంపర:
రోలర్ మాట నిజం. దానికి తోడు ఇంకొకటి: కంప్రెసరే అక్కర్లేని ఎలక్ట్రిక్ హెచ్‌వీఎల్‌పీ స్ప్రేయర్. చేతిలో పట్టుకునే 400–700 వాట్ల యంత్రం, లోపల చిన్న టర్బైన్. అన్నిటికంటే చవక ఇదే. నాజిల్ 1.5 నుంచి 2.5 మి.మీ. ఉంటుంది కాబట్టి ప్రైమర్, గోడ ఎమల్షన్ కూడా వెళ్తాయి. గాలిలో నూనె, నీళ్లు ఉండవు.

లోపాలు కూడా తెలిసే కొనాలి. చుక్క పెద్దది, నున్నటి కలయిక రాదు. టర్బైన్ గాలి వేడిగా ఉంటుంది, యాక్రిలిక్ దారిలోనే సగం ఆరి, చేత్తో తడిమితే ఇసుకలా తగులుతుంది. దగ్గర నుంచి (15–20 సెం.మీ.) కొట్టడం, రంగులో 5 శాతం రిటార్డర్ (త్వరగా ఆరకుండా చేసే ద్రవం) కలపడం దానికి విరుగుడు. కప్పులోకి గాలి పంపే సన్న గొట్టం ఉంటుంది. గన్ పక్కకు పడేస్తే రంగు అందులోకి ఎక్కి గడ్డకడుతుంది, ఆ తర్వాత యంత్రం మోగుతుంది కానీ రంగు రాదు. పాడైపోయిందని పారేసేవాటిలో చాలావరకు ఈ గొట్టం శుభ్రం చేస్తే పనిచేసేవే.

రంగు చిక్కదనాన్ని, అది కప్పు అడుగు రంధ్రం నుంచి కారిపోవడానికి పట్టే సెకన్లతో కొలుస్తారు. వీటితో వచ్చే ఆ కప్పు రంధ్రం ఒక్కో కంపెనీది ఒక్కో సైజు. అందుకని 'ఇన్ని సెకన్లు' అన్న అంకెను ఆ యంత్రం పుస్తకంలోని పట్టికతోనే పోల్చండి. డీఐఎన్ 4 కప్పు (4 మి.మీ. రంధ్రం ఉన్న ప్రామాణిక కప్పు) సెకన్లతో కలపకండి.

గాలిలెక్క:
తుంపర గారూ, మబ్బులకు ఎలక్ట్రిక్ గన్ మాత్రం వద్దే వద్దు. చాలా రకాల్లో ట్రిగ్గర్ సగం నొక్కగానే గాలి మొదలై, రంగు ఆగినా గాలి వస్తూనే ఉంటుంది. తడి పూత మీద ఆ గాలి తగిలితే అంచులు చెదిరి సాలెగూడులా పాకుతాయి.

నీలిపూత గారికి నా సలహా ఇది. కంప్రెసర్ అద్దెకో, అరువుకో దొరికితే 0.8 మినీ గన్ ఒక్కటే కొనండి, 125 నుంచి 250 మి.లీ. కప్పుది. దొరక్కపోతే అడుగు రంగు రోలర్‌తో వేసి, ఫ్యాన్ క్యాప్ ఉన్న 0.5 ట్రిగ్గర్ ఎయిర్‌బ్రష్ తీసుకోండి. రెండు సందర్భాల్లోనూ మీ 0.3 మబ్బుల అంచులకు పనికొస్తుంది, అమ్మేయకండి.

మినీ గన్ అయితే గొట్టం కూడా మార్చాలి. ఎయిర్‌బ్రష్‌కు వాడే అల్లిక గొట్టం లోపల 3–4 మి.మీ. ఉంటుంది. దాని గుండా గన్‌కు కావలసినంత గాలి వెళ్లదు, రెగ్యులేటర్ మీద 3 బార్ చూపించినా గన్ దగ్గర ఒకటి కూడా ఉండదు. లోపలి వ్యాసం 8 మి.మీ. ఉన్న గొట్టం తీసుకోండి. ప్రెషర్ ఎప్పుడూ ట్రిగ్గర్ పూర్తిగా నొక్కి పట్టుకుని సెట్ చేయాలి. వదిలి ఉన్నప్పుడు చూపించే అంకెకు విలువ లేదు.

నీలిపూత:
రోలర్ ఆలోచన బాగుంది, అలాగే చేస్తాను. కంప్రెసర్ 24 లీటర్లది అరువు దొరికేలా ఉంది. అయితే 0.8 మినీ గన్ వైపే మొగ్గు. రెండు సందేహాలు. యాక్రిలిక్‌ని ఎంత పలచన చేయాలి? చవక గన్ చేతికి రాగానే ఏం చూసుకోవాలి?

సన్నసూది:
పలచన గురించి. ట్యూబులో వచ్చే చిక్కటి యాక్రిలిక్‌ని నీళ్లతో పలచన చేసుకుంటూ పోతే ఒక దశ దాటాక జిగురు చాలదు. ఆరాక వేలితో రుద్దితే పొడి రాలుతుంది. అందుకని సగం నీళ్లు, సగం ఎయిర్‌బ్రష్ మీడియం (రంగు లేని పలచటి యాక్రిలిక్ జిగురు) కలిపి పెట్టుకుని దాంతో పలచన చేయండి. ద్రవంగా సీసాలో వచ్చే యాక్రిలిక్‌కు 0.8 నాజిల్‌లో 10 నుంచి 30 శాతం చాలు. 0.5కి దాదాపు సగానికి సగం పడుతుంది. నీళ్లు డిస్టిల్డ్‌వి అయితే మంచిది. కొలత కంటే పరీక్ష ముఖ్యం: కప్పు లోపలి గోడ మీద రంగు పూసి చూస్తే పాలలా జారి, వెనక పలచటి పొర మిగలాలి. నీళ్లలా జారిపోయి గోడ శుభ్రంగా ఉంటే ఎక్కువ పలచన అయింది.

వడకట్టకుండా ఒక్క చుక్క కూడా కప్పులో పోయకండి. పెయింట్ వడకట్టే 125 మైక్రాన్ల కాగితపు గరాటు చాలు. ఎండిన మూత అంచు నుంచి రాలే పొట్టు ఒక్కటి చాలు నాజిల్ మూయడానికి.

ఆకాశం కలపడానికి రంగులను గన్‌లో కాదు, ముందే సీసాల్లో కలిపి పెట్టుకోండి. ముదురు నీలం నుంచి లేత పసుపు దాకా అయిదు మెట్లు, ఒక్కోటి కనీసం 200 మి.లీ. మధ్యలో అయిపోతే మళ్లీ అదే రంగు రాదు. నీలం, పసుపు నేరుగా కలిస్తే ఆకుపచ్చ వస్తుంది, కాబట్టి మధ్య మెట్టు దాదాపు తెల్లగా ఉండాలి. లేత నుంచి ముదురుకు వెళ్లండి. ఒక మెట్టు పట్టీ వేశాక, రెండో మెట్టును మొదటిదాని మీదికి ఒక జానెడు ఎక్కించండి. ఆ జానెడు మేర మాత్రం గన్‌ను 25–30 సెం.మీ. దూరం జరిపి పలచగా మంచులా వేయాలి. ఒకే దెబ్బకు కలపాలని చూస్తే తడి ఎక్కువై కారుతుంది. పలచటి పూతలు మూడు నాలుగు, మధ్యలో అయిదేసి నిమిషాలు.

నాలుగు బోర్డులను పక్కపక్కన నిలబెట్టి ఒకే గీత నాలుగింటి మీదుగా లాగండి. విడివిడిగా వేస్తే కలిపి పెట్టినప్పుడు అతుకు దగ్గర మెట్టు తేడా పట్టేస్తుంది.

తుంపర:
చవక గన్ రాగానే మొదట విప్పి కడగండి. తుప్పు పట్టకుండా లోపల నూనె పూసి పంపుతారు. అది రంగులో కలిస్తే పూతలో గుండ్రటి గుంటలు పడతాయి. థిన్నర్‌తో తుడిచి, తర్వాత సబ్బు నీళ్లతో. లోపలి రబ్బరు ఓ-రింగ్‌లను థిన్నర్‌లో నానబెట్టొద్దు, ఉబ్బి పనికిరాకుండా పోతాయి. టెఫ్లాన్‌వి అయితే ఏమీ కావు.

తర్వాత నాజిల్‌ని ఎదురుగా పెట్టి చూడండి. సూది సరిగ్గా మధ్యలో ఉండాలి. ఒక పక్కకు ఆనుకుని ఉంటే ఎంత సర్దినా తుంపర పక్కకే పోతుంది, వెనక్కి ఇచ్చేయండి. సూది, నాజిల్, ఎయిర్ క్యాప్ మూడూ జతగా పనిచేస్తాయి. విడిగా దొరుకుతాయో లేదో కొనకముందే చూసుకోండి. దొరకని గన్ ఎంత చవకైనా నాజిల్ పోయిన రోజుతో దాని కథ సరి. ఎయిర్‌బ్రష్ కొంటే, మరతో బిగించే చిన్న నాజిల్ ఉన్న రకాల్లో ఆ మర తెగి లోపలే ఉండిపోవడం మామూలు. బ్యాడ్జర్ 105లాగా నాజిల్ ఊరికే జారి కూర్చునే రకం పెద్ద పనికి మొరటుగా వాడినా తట్టుకుంటుంది.

ఇక కప్పులో నీళ్లు పోసి అట్ట మీద కొట్టండి. పట్టీ ఎలా పడిందో చూస్తే జబ్బు తెలుస్తుంది. మధ్యలో మందంగా, అంచుల్లో పలచగా పడితే గాలి చాలలేదు, లేదా రంగు చిక్కగా ఉంది. రెండు చివర్లా పడి మధ్య ఖాళీ అయితే దానికి సరిగ్గా తిరగబడ్డ కారణం, గాలి ఎక్కువ లేదా రంగు మరీ పలచన. నెలవంకలా ఒంగితే ఎయిర్ క్యాప్ కొమ్ముల్లోని గాలి రంధ్రం ఒకటి మూసుకుపోయింది, లేదా నాజిల్‌లో అడ్డు ఉంది. అది క్యాప్‌దా, నాజిల్‌దా అని తేల్చడానికి క్యాప్‌ను సగం చుట్టు తిప్పి మళ్లీ కొట్టండి. వంపు కూడా అటు తిరిగితే తప్పు క్యాప్‌ది, తిరగకపోతే నాజిల్‌ది. గన్ ఉండుండి ఎగశ్వాసలా కొడుతుంటే కప్పు మూతలోని గాలి రంధ్రం, వదులైన నాజిల్, ఎండిపోయిన సూది ప్యాకింగ్ (సూది చుట్టూ ఉండే సీలు), ఈ వరసలో చూడండి. కప్పులో బుడగలు లేస్తుంటే నాజిల్ దగ్గర గాలి వెనక్కి తంతోంది. బిగింపు చాలలేదు, లేదా నాజిల్ చిట్లింది.

రంధ్రాలను గుండుసూదితో గెలకొద్దు. పుల్లతో, మెత్తటి బ్రష్‌తో మాత్రమే.

గాలిలెక్క:
నీళ్లతో సరిగ్గా పడ్డాకే రంగు. మొదలుపెట్టడానికి ట్రిగ్గర్ నొక్కినప్పుడు 1.5 నుంచి 2 బార్, దూరం ఒక జానెడు. గీత సగం మీద సగం ఎక్కాలి. బోర్డు అంచు రాకముందే ట్రిగ్గర్ నొక్కి, అంచు దాటాక వదలండి. మణికట్టు తిప్పితే చివర్లు దూరమై పలచబడతాయి, మోచేయి, భుజం కదలాలి. తడి మీద నారింజ తొక్కలాంటి గరుకు వస్తే రంగు చిక్కగా ఉంది లేదా గన్ మరీ దగ్గర. ఇసుకలా పొడి తగిలితే గన్ దూరం లేదా గాలి ఎక్కువ. చాలామంది అన్నిటికీ ప్రెషరే పెంచుతారు, దాంతో సగం రంగు గాలికే పోతుంది.

గొట్టంలో నీళ్ల గురించి. మాయిశ్చర్ ట్రాప్‌ను కంప్రెసర్‌కు అంటించి పెడితే ఉపయోగం తక్కువ. అక్కడ గాలి ఇంకా వేడిగా, ఆవిరి ఆవిరిగానే ఉంటుంది. అయిదారు మీటర్ల గొట్టం దాటాక, గన్‌కు దగ్గరగా పెడితే అప్పటికి చల్లారి నీళ్లు ట్రాప్‌లో పడతాయి. ట్యాంకు అడుగు మర రోజూ పని అయ్యాక తెరవండి.

రోలర్‌పక్షం:
ఊపిరి సంగతి ఎవరూ ఎత్తలేదు. నీళ్ల రంగే కదా అని గుడ్డ కట్టుకుంటే చాలదు. ఆ పొగమంచులో పిగ్మెంట్, జిగురు రెండూ ఊపిరితిత్తుల దాకా వెళ్తాయి. ముఖానికి అతుక్కునే పీ2 లేదా ఎన్95 స్థాయి మాస్క్ కనీసం. కడగడానికి థిన్నర్ వాడేటప్పుడు ఆర్గానిక్ వేపర్ కార్ట్‌రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి, దుమ్ము మాస్క్ ఆవిరిని ఆపదు. కాడ్మియం, కోబాల్ట్ పిగ్మెంట్ ఉన్న నీలాలు, పసుపులు స్ప్రే చేయకూడదు, సీసా మీద పిగ్మెంట్ పేరు చదవండి. థాలో నీలంతో ఇదే ఆకాశం వస్తుంది. గార్డెన్‌లో వాడే పంపు స్ప్రేయర్‌తో రంగు కొడదామన్న ఆలోచన ఉంటే మానేయండి, అది చుక్కలే తప్ప తుంపర ఇవ్వదు.

నీలిపూత:
చివరిగా ఒకటి. మినీ గన్ అడుగున ఉండే మర నా ఎయిర్‌బ్రష్ గొట్టానికి పట్టదు కదా?

సన్నసూది:
పట్టదు. ఎయిర్‌బ్రష్ గొట్టాలు సాధారణంగా 1/8 బీఎస్‌పీ (పైపు మరల కొలత, అంగుళాల్లో), మినీ గన్, వర్క్‌షాప్ కంప్రెసర్ 1/4. 1/4 నుంచి 1/8కి ఇత్తడి అడాప్టర్ దొరుకుతుంది కానీ అది మీ 0.3ను పెద్ద కంప్రెసర్‌కు తగిలించడానికి వాడండి, గన్‌కు కాదు. గన్‌కు 8 మి.మీ. గొట్టం, రెండు చివరలా 1/4 కప్లర్. పాషే, బ్యాడ్జర్‌లకు సొంత మర ఉంటుంది, వాటికి విడి అడాప్టర్ కావాలి. మరకు టెఫ్లాన్ టేపు మూడు చుట్లు చుట్టండి. మొదటి మర వదిలేసి చుట్టాలి, లేకపోతే తెగిన టేపు ముక్క లోపలికి వెళ్లి నాజిల్‌లో చిక్కుకుంటుంది.